పరిశోధనా పత్రాల చుట్టరికాలు – మూడో పాఠం: కలిసి రాసినవాళ్లు, కలిపి ఉదహరించినవి

రెండో పాఠం పూర్తయ్యేసరికి మీ దగ్గర రెండు షీట్లు ఉండాలి. మొదటిదాంట్లో పత్రానికో వరుస: శీర్షిక, రచయితలు, సంవత్సరం, పత్రిక, డీఓఐ (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య). రెండోదాంట్లో రిఫరెన్సుకో వరుస: ఎడమ గడిలో ఉదహరించిన పత్రం, కుడి గడిలో అది ఉదహరించిన పాత పత్రం. ఈ పాఠంలో వాటి నుంచి రచయితల మధ్య, పత్రాల మధ్య బంధాలు లెక్కగడతాం. ఆ బంధాలను మ్యాపుగా గీసే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం చివర్లోనే తెరుస్తాం. ఎందుకంటే మ్యాపు ఎలా వస్తుందో చాలావరకు అది తెరవకముందే ఖాయమైపోతుంది. ఎవరిని ఒకే మనిషిగా లెక్కేశారు, ఒక్కో పత్రానికి ఎన్ని ఓట్లు ఇచ్చారు, వచ్చిన సంఖ్యను దేనితో భాగించారు అన్న మూడు నిర్ణయాలూ మీవే. సాఫ్ట్‌వేర్ వాటిని రంగుల్లో చూపిస్తుంది, అంతే.

పాఠం పొడుగునా ఒకే పత్రాన్ని పట్టుకుని నడుద్దాం. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో, 375వ పేజీ నుంచి, సైరస్ ఫిస్కే, ఎల్లాప్రగడ సుబ్బారావు కలిసి రాసిన పత్రం వచ్చింది. రక్తంలోనో కండరంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు గాఢతను బట్టి తేల్చే పద్ధతి అందులో ఉంది. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన సుబ్బారావు పేరు ఆ పద్ధతితో ప్రయోగశాలలన్నింటికీ పాకింది. జీవరసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు దాన్ని వేలసార్లు ఉదహరించారు. కొలతలో వచ్చే చిక్కులన్నీ ఈ ఒక్క పత్రం దగ్గరే కనిపిస్తాయి కాబట్టి మనకు మంచి నమూనా.

మొదటి మెట్టు: పేర్లు

పత్రాలనూ వాటి రిఫరెన్సులనూ నమోదు చేసే వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్ నుంచి దించిన ఫైల్లో ఈ పత్రం రిఫరెన్సుగా కనిపించే తీరు ఇది: ఫిస్కే సీహెచ్, 1925, జె బయోల్ కెమ్, వీ66, పీ375. సుబ్బారావు ఏడీ? లేడు. ఆ డేటాబేస్ రిఫరెన్సుల వరుసలో సంప్రదాయంగా మొదటి రచయితను మాత్రమే నమోదు చేస్తుంది. ఆ ఫైలుతో ‘ఏ రచయితలను కలిపి ఉదహరిస్తున్నారు’ అని లెక్క వేస్తే వచ్చిన సైటేషన్లన్నీ (ఉదహరింపులన్నీ) ఫిస్కే ఖాతాలో పడతాయి. సుబ్బారావు మ్యాపులోనే ఉండడు. లెక్క తప్పు కాదు, డేటాలో ఆయన లేడంతే. ఇలా కలిపి ఉదహరించడాన్ని లెక్కించే రచయితల కో-సైటేషన్ పద్ధతిని హోవార్డ్ వైట్, బెల్వర్ గ్రిఫిత్ 1981లో ప్రవేశపెట్టారు. అప్పట్నుంచీ ఈ లోపం దాని వెంటే ఉంది. రెండో రచయిత, మూడో రచయిత ముఖ్యమైన ప్రశ్న మీదైతే ఆ ఫైలు పనికిరాదు. రిఫరెన్సును డీఓఐ ద్వారా అసలు పత్రంతో కలిపి, అక్కడి నుంచి రచయితలందరినీ తెచ్చుకోవాలి. రెండో పాఠంలో డీఓఐ గడిని ఖాళీగా వదలొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

ఇక సుబ్బారావు ఉన్న చోట్ల ఆయన ఎన్ని రూపాల్లో ఉన్నాడో చూడండి. ఇంగ్లిష్‌లో ఆయన రాసుకున్న తీరులో రెండు మాటలూ కలిసిపోయి, మధ్యలో ‘ఆర్’ పెద్దక్షరంగా ఉంటుంది, చివర ‘ఓ డబ్ల్యూ’ వస్తుంది. కొన్ని చోట్ల అదే పేరు చిన్నక్షరాలతో ఒక్క మాటగా, కొన్ని చోట్ల విడివిడిగా రెండు మాటలుగా ఉంటుంది. విడివిడిగా ఉన్నప్పుడు యంత్రం చివరి మాటను ఇంటిపేరనుకుని ‘రో, వై. ఎస్.’ అని తిప్పేస్తుంది. అసలు ఇంటిపేరు ఎల్లాప్రగడ, అది ‘వై’ అనే ఒక్క అక్షరమై వెనక్కు పోయింది.

తెలుగువాళ్ల పేర్లన్నింటికీ ఉన్న ఇబ్బందే ఇది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ తరచు పొడి అక్షరంగా. పాశ్చాత్య సూచికలు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో రావులు, రెడ్లు, శాస్త్రులు, కుమార్లు వేల సంఖ్యలో ఒకే ‘ఇంటిపేరు’ కిందకు చేరతారు. పైగా లక్ష్మికి రెండు స్పెల్లింగులు, చౌదరికి నాలుగైదు.

గొప్పవాళ్లకూ ఇది తప్పలేదు. గణాంక శాస్త్రంలో క్రామర్–రావు అవధికి కారణమైన 1945 నాటి పత్రం కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో సి. రాధాకృష్ణారావు అన్న రూపంలో వచ్చింది. తర్వాతి పత్రాల్లో ఆయనే సి. ఆర్. రావు. బెంగళూరు రసాయన శాస్త్రవేత్త సి. ఎన్. ఆర్. రావు వేరే మనిషి. మొదటి పొడి అక్షరం ఒక్కటే ఉంచి మిగతావి కత్తిరించే ఏ పద్ధతి వాడినా ఈ ఇద్దరూ ‘రావు సి’ అయిపోతారు. అప్పుడు గణాంక శాస్త్రానికీ ఘనస్థితి రసాయన శాస్త్రానికీ మధ్య మ్యాపులో వంతెన వేసిన మహానుభావుడొకడు పుట్టుకొస్తాడు. అలాంటివాడు లోకంలో లేడు.

తప్పులు రెండు రకాలు, వాటి నష్టం సమానం కాదు. ఒకే మనిషిని రెండుగా చీలిస్తే అతని పత్రాల సంఖ్య, బంధాల సంఖ్య తగ్గుతాయి, కానీ మ్యాపు మొత్తం ఆకారం పెద్దగా చెడదు. ఇద్దరిని ఒకరిగా కలిపేస్తే సంబంధం లేని రెండు గుంపులు అతుక్కుంటాయి. ‘ఎవరి మీదుగా దారులు ఎక్కువగా పోతున్నాయి’ అనే కొలతలో ఆ అబద్ధపు మనిషే పైకొస్తాడు. అందుకే అనుమానం ఉన్నచోట కలపకండి, విడిగానే ఉంచండి.

కలపడానికి ఒక నియమం పెట్టుకోండి: పేరు కలిస్తే చాలదు, ఇంకో ఆధారం కావాలి. అదే కాలంలో అదే సంస్థ, లేదా ఉమ్మడి సహరచయిత, లేదా ఒకే ఆర్సిడ్ సంఖ్య (పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). పదహారు స్థానాల ఆర్సిడ్ 2012లో వచ్చింది, కాబట్టి పాతతరం వాళ్లకు అది దొరకదు. 1948లో కన్నుమూసిన సుబ్బారావుకు ఎక్కడిది? ఓపెన్‌అలెక్స్ లాంటి ఉచిత పత్రాల డేటాబేసుల్లో ప్రతి రచయితకూ ‘ఏ’తో మొదలయ్యే గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది ప్రోగ్రాం ఊహించి ఇచ్చినది. పని మొదలుపెట్టడానికి బాగుంటుంది, తుది మాటగా తీసుకోకూడదు.

పేర్ల కోసం విడిగా ఒక షీటు తెరవండి. నాలుగు నిలువు వరుసలు: ఫైల్లో ఉన్న రూపం, మీరు ఖాయం చేసిన రూపం, కలపడానికి ఆధారం, తేదీ. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ కలయిక చెల్లదనుకోండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా ‘వీళ్లిద్దరూ ఒకరేనని ఎలా తెలుసు’ అని అడిగితే ఆదుకునేది ఆ గడే. మొదటి రెండు వరుసలనూ తర్వాత సాఫ్ట్‌వేర్‌కు అలాగే ఇవ్వొచ్చు.

పేర్లన్నీ శుభ్రం చేయాలంటే జీవితం చాలదు. పత్రాల సంఖ్యను బట్టి పెద్దది పైన వచ్చేలా సర్ది, పై నుంచి వంద పేర్లు చేత్తో చూడండి. తర్వాత అక్షర క్రమంలో సర్ది, పక్కపక్కన ఒకేలా కనిపించేవి చూడండి. ఇంటిపేరు స్థానంలో రావు, రెడ్డి, సింగ్, కుమార్, వాంగ్, లీ, కిమ్ ఉన్న ప్రతి వరుసా చూడాల్సిందే.

రెండో మెట్టు: సహరచన బంధం

ఇద్దరు కలిసి ఒక పత్రం రాస్తే వాళ్ల మధ్య ఒక బంధం. ఫిస్కే–సుబ్బారావు దగ్గర ఇంతకు మించి చెప్పేదేమీ లేదు. 1925 పత్రానికి ఒకటి, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ గురించి 1927లో సైన్స్ పత్రికలో రాసినదానికి ఇంకొకటి, ఇలా కలిసి రాసిన ప్రతిసారీ ఒకటి చొప్పున కూడుకుంటూ పోవడమే.

రచయితలు పెరిగితే లెక్క మారుతుంది. ప్రోటీన్ కొలిచే పద్ధతి గురించి 1951లో లౌరీ, రోజ్‌బ్రో, ఫార్, రాండల్ రాసిన పత్రం తీసుకోండి. నలుగురు రచయితలంటే ఆరు జతలు. సూత్రం: రచయితల సంఖ్యను ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి, సగం చేయాలి. 4 × 3 ÷ 2 = 6. ప్రతి జతకూ 1 ఇస్తే దాన్ని పూర్తి లెక్క అంటాం. ఇందులో ఇద్దరి పత్రం మొత్తం ఒక బంధాన్నిస్తుంది, నలుగురి పత్రం ఆరు.

ఆరు వరకూ సరే. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై అట్లాస్, సీఎంఎస్ అనే కణ భౌతిక ప్రయోగాల బృందాలు కలిసి ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వేసిన పత్రానికి 5,154 మంది రచయితలు. పూర్తి లెక్క ప్రకారం ఆ ఒక్క పత్రం 1,32,79,281 బంధాలు పుట్టిస్తుంది. ఒక విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగాన్ని కొలిచే డేటాలో ఇలాంటిది ఒక్కటి దూరినా మిగతా పదేళ్ల పనంతా మ్యాపులో ఒక మూల చుక్కైపోతుంది.

దీనికి విరుగుడు భాగాల లెక్క. పత్రంలో రచయితలు ఎందరుంటే అందులోంచి ఒకటి తీసేసి, 1ని ఆ సంఖ్యతో భాగించి ప్రతి జతకూ ఇవ్వాలి. ఇద్దరైతే 1. నలుగురైతే ఒక్కో జతకు 1/3. నలుగురిలో ప్రతివాడికీ ముగ్గురితో బంధం ఉంటుంది కాబట్టి మూడు మూడోవంతులు కలిసి మళ్లీ ఒకటే అవుతుంది. అంటే ఎంత పెద్ద బృందమైనా ఒక పత్రం వల్ల ఒక మనిషికి దక్కే మొత్తం బలం 1 దాటదు. భౌతిక శాస్త్రవేత్త మార్క్ న్యూమన్ 2001లో శాస్త్రవేత్తల సహకార వలలను విశ్లేషిస్తూ ఈ తూకమే వాడాడు. ఒంటరిగా రాసిన పత్రానికి భాగించాల్సింది సున్నా అవుతుంది. అలాంటి వరుసలను బంధాల లెక్కలోంచి తీసేయండి, కానీ పత్రాల లెక్కలో ఉంచండి. షీటులో సున్నాతో భాగించిన తప్పు సందేశం కనిపించిందంటే ఈ వరుసలు తీయడం మరిచారన్నమాటే.

ఏది వాడాలి? ‘ఎవరెవరికి పరిచయం ఉంది’ అన్నది ప్రశ్నైతే పూర్తి లెక్కతో తప్పులేదు, చిన్న బృందాలున్న రంగాల్లో. బంధం ఎంత గట్టిదన్నది ప్రశ్నైతే భాగాల లెక్కే. రంగాలు కలిసిన డేటాలో, ఉదాహరణకు ఒక విశ్వవిద్యాలయం మొత్తాన్ని కొలిచేటప్పుడు, పూర్తి లెక్క వాడితే ఫలితాన్ని నమ్మలేం. చరిత్ర విభాగంలో ఒంటరిగా రాసేవాళ్లు, కణ భౌతికంలో వేలమంది కలిసి రాసేవాళ్లు, ఇద్దరినీ ఒకే పూర్తి లెక్కలో వేయడం అన్యాయం కూడా.

ఇంకో మాట. సహరచన అంటే కలిసి పనిచేయడమే అనుకోవద్దు. నమూనాలు సేకరించి, పరికరం నడిపి, కృతజ్ఞతల పేరాలో మిగిలిపోయినవాళ్లు లెక్కలోకి రారు. విభాగాధిపతి అన్న హోదాతోనే పేరు చేరినవాళ్లు వస్తారు. ఈ కొలత పత్రం మీది పేర్లను మాత్రమే చూస్తుంది.

మూడో మెట్టు: సైటేషన్ బంధాలు మూడు

మొదటిది నేరు సైటేషన్: ఒక పత్రం ఇంకోదాన్ని ఉదహరించింది. దీనికి దిశ ఉంది, కొత్తది పాతదాన్ని చూపిస్తుంది. రెండో షీటులో ఉన్నవన్నీ ఇవే.

రెండోది బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్: రెండు పత్రాల రిఫరెన్సుల జాబితాలో ఉమ్మడివి ఎన్ని? దీన్ని 1963లో ఎంఐటీకి చెందిన కెస్లర్ ప్రతిపాదించాడు. మూడోది కో-సైటేషన్: రెండు పాత పత్రాలను కలిపి ఉదహరించిన కొత్త పత్రాలు ఎన్ని? దీన్ని 1973లో హెన్రీ స్మాల్ అమెరికాలో, ఇరీనా మార్షకోవా సోవియట్ యూనియన్‌లో, ఎవరికి వారు ప్రతిపాదించారు.

కప్లింగ్ పత్రం అచ్చయిన రోజే ఖాయమైపోతుంది, ఆ జాబితాలు ఇక మారవు. కో-సైటేషన్ తర్వాతివాళ్ల చేతుల్లో ఉంటుంది, ఏటా మారుతుంది. అందుకని గత రెండు మూడేళ్ల పత్రాలను గుంపులు చేయాలంటే కప్లింగే దారి, వాటికి ఇంకా సైటేషన్లు రాలేదు మరి. ఒక రంగం పునాదులు ఏమిటో, అవి కాలక్రమంలో ఎలా జరిగాయో చూడాలంటే కో-సైటేషన్.

ఇప్పుడు చేత్తో చేద్దాం. ఉదహరింపబడినవి నాలుగు నిజమైన పత్రాలు: ఫి (ఫిస్కే–సుబ్బారావు 1925), లౌ (లౌరీ బృందం 1951), లే (జెల్‌లో ప్రోటీన్లను విడదీసే పద్ధతిపై లేమ్లీ 1970), బ్రా (రంగుతో ప్రోటీన్ కొలవడంపై బ్రాడ్‌ఫర్డ్ 1976). చివరి మూడూ ఆషామాషీ పత్రాలు కావు. 2014లో నేచర్ పత్రిక వేసిన అత్యధిక సైటేషన్ల జాబితాలో లౌరీ పత్రం 3,05,000కు పైగా సైటేషన్లతో మొదటిది, లేమ్లీది రెండోది, బ్రాడ్‌ఫర్డ్‌ది మూడోది. వాటిని ఉదహరించే ఆరు పత్రాలు మాత్రం అభ్యాసం కోసం కల్పించినవి. స్ప్రెడ్‌షీటులో ‘ఏ’ (A) నిలువు వరుసలో పత్రం సంఖ్య, ‘బి’ (B) నుంచి ‘ఈ’ (E) వరకు నాలుగు రిఫరెన్సులు, 2వ అడ్డువరుస నుంచి 7వ దాకా అంకెలు వేయండి. ఉదహరిస్తే 1, లేకపోతే 0.

పత్రం | ఫి | లౌ | లే | బ్రా
1 | 1 | 1 | 0 | 0
2 | 1 | 1 | 0 | 0
3 | 1 | 1 | 1 | 0
4 | 0 | 1 | 1 | 0
5 | 0 | 0 | 1 | 1
6 | 0 | 1 | 1 | 1

సున్నాలు తప్పకుండా వేయాలి. గడి ఖాళీగా వదిలితే కింది సూత్రం విలువ తప్పని గొడవ పెడుతుంది. డేటా పెద్దదైనప్పుడు నూటికి తొంభై పాళ్లు చిక్కు ఇక్కడే.

కో-సైటేషన్ కోసం ఒక ఖాళీ గడిలో: =ఎమ్‌మల్ట్(ట్రాన్స్‌పోజ్(బి2:ఈ7), బి2:ఈ7). ఫంక్షన్ పేర్లు (MMULT, TRANSPOSE), గడుల పేర్లు (B2:E7) ఇంగ్లిష్‌లో టైపు చేయాలి. పాత ఎక్సెల్‌లో ముందుగా నాలుగు నిలువు, నాలుగు అడ్డం గడులు ఎంచుకుని, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి. కొత్త ఎక్సెల్‌లో మామూలు ఎంటర్ చాలు. గూగుల్ షీట్స్‌లో సూత్రం మొత్తాన్ని అరేఫార్ములా (ARRAYFORMULA) ఫంక్షన్‌లో పెట్టండి.

నాలుగుకు నాలుగు పట్టిక వస్తుంది. మూల నుంచి మూలకు వాలుగా ఉన్న గడులు 3, 5, 4, 2. అవి ఒక్కో పత్రానికి వచ్చిన మొత్తం సైటేషన్లు. ఇవి కలవకపోతే ముందుకు వెళ్లొద్దు, అంకెలు ఎక్కడో తప్పు పడ్డాయి. మిగతా గడులు బంధాలు: ఫి–లౌ 3, లౌ–లే 3, లే–బ్రా 2, ఫి–లే 1, లౌ–బ్రా 1, ఫి–బ్రా 0.

కప్లింగ్ కావాలంటే సూత్రంలో వరుస తిప్పండి: =ఎమ్‌మల్ట్(బి2:ఈ7, ట్రాన్స్‌పోజ్(బి2:ఈ7)). ఈసారి ఆరుకు ఆరు పట్టిక. వాలు గడుల్లో ఒక్కో పత్రం రిఫరెన్సుల సంఖ్య: 2, 2, 3, 2, 2, 3. ఒకటో, రెండో పత్రాలకు ఉమ్మడివి 2. ఒకటికీ అయిదుకూ 0. ఇదే పట్టికలో రిఫరెన్సుల స్థానంలో రచయితలను పెడితే మొదటి సూత్రం సహరచన బంధాలు ఇస్తుంది. అంటే ఇవాళ నేర్చుకున్నది ఒక్క గుణకారమే.

నాలుగో మెట్టు: భాగించడం

ఫి–లౌ, లౌ–లే రెండూ 3 అన్నాం. సమానమేనా? లౌ అందరూ ఉదహరించే పత్రం, ఆరింట్లో అయిదింటిలో ఉంది. అలాంటిది ఎవరితోనైనా కలిసి కనిపిస్తుంది. ఆ ప్రాబల్యాన్ని తీసేయడానికే భాగహారం.

బాగా వాడుకలో ఉన్నది కొసైన్: బంధాన్ని రెండు పత్రాల సైటేషన్ల లబ్ధం వర్గమూలంతో భాగించాలి. ఫి–లౌ: 3 ÷ √(3×5) = 0.775. లౌ–లే: 3 ÷ √(5×4) = 0.671. లే–బ్రా: 2 ÷ √(4×2) = 0.707. చూశారా, ముడి సంఖ్యల్లో మూడో స్థానంలో ఉన్న లే–బ్రా ఇప్పుడు లౌ–లే మీద ఎక్కింది.

వర్గమూలం తీసేసి లబ్ధంతోనే భాగిస్తే దాన్ని అసోసియేషన్ స్ట్రెంగ్త్ అంటారు. ఫి–లౌ 0.20, లౌ–లే 0.15, లే–బ్రా 0.25. ఈసారి లే–బ్రాయే మొదటిది! ఒకే ఆరు పత్రాలు, మూడు లెక్కలు, మూడు వేర్వేరు వరుసలు. జక్కార్డ్ అనే ఇంకోటి ఉంది: ఉమ్మడివాటిని, రెండింట్లో కనీసం ఒకదాన్నైనా ఉదహరించిన పత్రాలతో భాగించడం. దాంట్లో 0.60, 0.50, 0.50 వస్తాయి.

ఏదో ఒకటి సరైనదని కాదు. అసోసియేషన్ స్ట్రెంగ్త్ ‘యాదృచ్ఛికంగా కలవాల్సిన దానికంటే ఎంత ఎక్కువ కలిశాయి’ అని అడుగుతుంది. అందుకే పెద్దవాటి ప్రాబల్యాన్ని బాగా అణుస్తుంది, కానీ రెండే రెండు సైటేషన్లున్న పత్రాలను ఆకాశానికెత్తుతుంది. దాన్ని వాడితే కనీస సైటేషన్ల హద్దు తప్పనిసరి. కొసైన్ మధ్యేమార్గం. మొదటిసారి చేసేవాళ్లకు కొసైన్‌తో మొదలుపెట్టమనే చెబుతాం, చేత్తో సరిచూసుకోవడం తేలిక. నివేదికలో ఏది వాడారో రాయకపోతే మాత్రం ఆ మ్యాపును ఎవరూ మళ్లీ గీయలేరు.

సమీక్షా పత్రాలతో జాగ్రత్త. 20 రిఫరెన్సులున్న మామూలు పత్రం 190 కో-సైటేషన్ జతలు పుట్టిస్తుంది. 200 రిఫరెన్సులున్న సమీక్ష 19,900 పుట్టిస్తుంది, వంద రెట్లకు పైమాట. రెండో మెట్టులోని విరుగుడే ఇక్కడా: రిఫరెన్సుల సంఖ్యలో ఒకటి తగ్గించి, 1ని దానితో భాగించి ప్రతి జతకూ ఇవ్వాలి. షీటులో చేయాలంటే అసలు పట్టికకు నకలు తీసి, నకలులో ప్రతి అడ్డువరుసనూ ఆ భాగంతో గుణించండి. తర్వాత సూత్రంలో మొదటి చోట అసలు పట్టిక, రెండో చోట నకలు. వాలు గడులకు ఇప్పుడు అర్థం ఉండదు, వదిలేయండి.

అయిదో మెట్టు: వాస్‌వ్యూయర్‌లో

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో నేస్ యాన్ వాన్ ఎక్, లూడో వాల్ట్‌మన్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. క్రియేట్ నొక్కి, బిబ్లియోగ్రాఫిక్ డేటా ఎంచుకుని, ఫైలు ఇచ్చి, కో-ఆథర్‌షిప్, బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్, కో-సైటేషన్‌లలో ఒకటి ఎంచుకోవడమే. పూర్తి లెక్కా, భాగాల లెక్కా అని అదే తెరమీద అడుగుతుంది. సహరచనలో ఒక పత్రానికి గరిష్ఠంగా ఎందరు రచయితలు ఉండొచ్చన్న గడిలో ముందుగానే 25 ఉంటుంది. హిగ్స్ లాంటి పత్రాలు అక్కడే ఆగిపోతాయి. మంచిదే, కానీ ఆగినవి ఎన్నో మీరు విడిగా లెక్కించి రాయాలి.

పేర్ల షీటులోని మొదటి రెండు నిలువు వరుసలను థిసారస్ ఫైలుగా (ఏ రూపాన్ని ఏ రూపంతో మార్చాలో చెప్పే జాబితాగా) ఇవ్వండి. శీర్షికలు లేబుల్, రీప్లేస్ బై అని ఇంగ్లిష్‌లో ఉండాలి, మధ్యలో ట్యాబ్ ఉన్న టెక్స్ట్ ఫైలుగా భద్రపరచాలి. కామాలతో భద్రపరిస్తే రచయిత పేరులోనే కామా ఉంటుంది కాబట్టి గడులు చెదిరిపోతాయి.

చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది: కొన్ని అంశాలు మిగతావాటితో కలవలేదు, కలిసినవాటినే చూపించాలా? చాలామంది ఆలోచించకుండా అవునంటారు. ఒంటరిగా పనిచేసే రచయితలు, చిన్న ఊళ్ల కళాశాలల్లో ఇద్దరు ముగ్గురుగా రాసేవాళ్లు ఆ ఒక్క నొక్కుతో మాయమవుతారు. వద్దని చెప్పి ఒకసారి పూర్తి బొమ్మ చూడండి, ఎందరు మిగిలిపోయారో రాసుకోండి, తర్వాత కావాలంటే కలిసినవాటినే ఉంచుకోండి.

బొమ్మలో దగ్గర, దూరం మాత్రమే అర్థవంతం. పైన, కింద, ఎడమ, కుడి అన్నవాటికి అర్థం లేదు, బొమ్మను తిప్పినా అదే. రంగులు గుంపులు. గుంపులు ఎంత సన్నగా విడిపోవాలో చెప్పే రిజల్యూషన్ అనే అంకె మొదట 1.00 ఉంటుంది, పెంచితే గుంపులు చిన్నవై పెరుగుతాయి. అందుకని ‘ఈ రంగంలో అయిదు గుంపులున్నాయి’ అని ఒక్కసారి చూసి రాసేయకండి. కనీస హద్దును 3, 5, 8గా, రిజల్యూషన్‌ను 0.8, 1.0, 1.2గా మార్చి చూసినా ఏ గుంపు నిలబడుతుందో దాన్నే గుంపుగా రాయండి.

కొలతకు చిక్కనివి

ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఎంత మామూలైపోయిందంటే, ఒక దశ దాటాక పేరు చెప్పి ఊరుకోవడం మొదలైంది. ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో ఫాస్ఫరస్ కొలిచాం’ అని వాక్యం ఉంటుంది, రిఫరెన్సు ఉండదు. ఒక పని అందరిదీ అయిపోయి సైటేషన్ మాయమయ్యే ఈ తీరును సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించి చర్చించాడు. దానివల్ల సైటేషన్ల గీత కిందికి దిగినంత మాత్రాన ఆ పనికి కాలం చెల్లిందని అనుకోకూడదు. పూర్తి పాఠంలో పదబంధాన్ని వెతికి, సైటేషన్ల గీత పక్కనే ఆ లెక్కా పెట్టండి.

డేటాబేస్ కాలపరిమితి ఇంకోటి. స్కోపస్‌లో 1970కి ముందు అచ్చయిన పత్రాల రిఫరెన్సులు చాలావరకు ఉండవు. 1925 నాటి పత్రానికి మొదటి నలభై అయిదేళ్లలో వచ్చిన సైటేషన్లు అక్కడ దాదాపు కనిపించవు. అదే పత్రానికి రెండు డేటాబేసులు రెండు సంఖ్యలు చూపిస్తే ఎవరో తప్పు చేశారని కాదు, చూసే కిటికీలు వేరు.

ఇక ఈ బంధాల బలాన్ని చూసి మనుషులకు ర్యాంకులు ఇచ్చే పని పెట్టుకోవద్దు. వల ఆకారాన్ని చూడటానికి చేసిన లెక్క ఇది. పదోన్నతి కమిటీ ముందు పెట్టడానికి కాదు.

అభ్యాసం

మన పట్టికకు ఏడో పత్రాన్ని కలపండి. అది సమీక్ష, నాలుగింటినీ ఉదహరిస్తుంది. సూత్రాల్లో 7ను 8గా మార్చడం మరవొద్దు.

ఒకటి, పూర్తి లెక్కతో కో-సైటేషన్ పట్టిక వేయండి. వాలు గడుల్లో 4, 6, 5, 3 రావాలి. ఇంతవరకూ సున్నాగా ఉన్న ఫి–బ్రా బంధం ఒక్క సమీక్షతో 1 అవుతుంది, కొసైన్‌లో 0.289.

రెండు, భాగాల లెక్కతో మళ్లీ వేయండి. ఫి–బ్రా 0.333కు తగ్గుతుంది, ఫి–లౌ 2.833 అవుతుంది.

మూడు, రెండో పట్టికలో ఆరు బంధాలనూ కూడండి. ఏడు పత్రాల రిఫరెన్సులు మొత్తం 18, అందులో సగం 9. మీ కూడిక సరిగ్గా 9 రావాలి. ఈ తనిఖీ రిఫరెన్సులు ఎన్ని వేలున్నా పనిచేస్తుంది, ఒకే రిఫరెన్సున్న పత్రాలను ముందే తీసేసి ఉంటే. నాలుగో పాఠానికి ఈ పట్టికనే తెచ్చుకోండి, గుంపులు విడదీయడం దీనిమీదే చేస్తాం.